అమెరికాలో ఎగుమతి ధాన్యం నాణ్యతా తనిఖీ

ఎగుమతి ధాన్యం నాణ్యతా తనిఖీ అనగా విదేశాలకు ఓడలో పంపే ధాన్యం నుండి మచ్చు తీసి, పరీక్షించి, దాని రకాన్ని, గ్రేడును, తూకాన్ని నిర్ధారించి అధికారిక ధ్రువపత్రం ఇచ్చే ప్రక్రియ. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఈ బాధ్యత ఆ దేశ వ్యవసాయ శాఖలోని ఫెడరల్ గ్రెయిన్ ఇన్‌స్పెక్షన్ సర్వీస్ అనే సంస్థది. దీనిని సంక్షిప్తంగా ఎఫ్.జి.ఐ.ఎస్. అంటారు. 1970లలో న్యూ ఆర్లియన్స్ తదితర రేవులలో బయటపడిన లంచాల కుంభకోణం ఫలితంగా 1976లో ఈ సంస్థ ఏర్పడింది.

తెలుగునాట ధాన్యం అనే మాటకు వడ్లు అనే అర్థం స్థిరపడింది. ఈ వ్యాసంలో మాత్రం గోధుమ, మొక్కజొన్న, జొన్న, బార్లీ, సోయా చిక్కుడు వంటి గింజలన్నిటినీ ధాన్యం అనే పేర్కొనడమైనది. అమెరికా ధాన్య ప్రమాణాల చట్టం పరిధిలో నూనెగింజలతో కలిపి 12 రకాలు ఉన్నాయి. బియ్యం ఈ చట్టం కిందకు రాదు. దానికి ప్రమాణాలు 1946 నాటి వ్యవసాయ మార్కెటింగ్ చట్టం కింద వేరుగా ఉన్నాయి.

తనిఖీ ఆవశ్యకత

సంతలో ధాన్యం కొనేవాడు రాశిలో చేయి పెట్టి, గింజను కొరికి, వాసన చూసి బేరమాడతాడు. విదేశీ వ్యాపారంలో ఈ అవకాశం లేదు. కొనుగోలుదారు వేల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. సరుకు చేరడానికి వారాలు పడుతుంది. అంతకు ముందే బ్యాంకు ద్వారా సొమ్ము చెల్లింపు జరిగిపోతుంది. బ్యాంకు ధాన్యాన్ని చూడదు, పత్రాలను మాత్రమే చూస్తుంది. ఓడ సరుకు రవాణా పత్రం, తూకపు పత్రం, నాణ్యతా ధ్రువపత్రం సక్రమంగా ఉంటే సొమ్ము విడుదల చేస్తుంది.

అనేక ఒప్పందాలలో "ఎక్కుమతి సమయంలో ఇచ్చిన అధికారిక ధ్రువపత్రమే తుది నిర్ణయం" అనే షరతు ఉంటుంది. అనగా గమ్యస్థానంలో సంచి విప్పి చూసుకుని నాసిరకమని గుర్తించినా, ధ్రువపత్రంలో గ్రేడు సరిగా ఉంటే కొనుగోలుదారుకు సాధారణంగా పరిహారం దక్కదు. అమెరికా చట్టం ప్రకారం ఈ ధ్రువపత్రాన్ని న్యాయస్థానాలు ప్రాథమిక సాక్ష్యంగా స్వీకరిస్తాయి. అందువలన ఈ వ్యాపారంలో నిజానికి చేతులు మారేది ధ్రువపత్రం. దానిపై సంతకం చేసేవాడు ఎవరికి జవాబుదారీ అన్నదే ఈ వ్యవస్థ చరిత్రలో మొదటి నుండీ ప్రధాన సమస్యగా ఉన్నది.

చరిత్ర

చికాగో ప్రమాణాలు

రైలు మార్గాలు రాక ముందు అమెరికాలో ధాన్యం సంచులలో రవాణా అయ్యేది. ఏ రైతు ధాన్యం ఆ రైతు పేరుతోనే అంగడికి చేరేది. రైళ్లు, ఎలివేటర్లు అని పిలిచే ఎత్తైన యంత్ర గిడ్డంగులు వచ్చిన తరువాత అందరి ధాన్యాన్నీ ఒకే గాదెలో కలిపి నిల్వ చేయడం మొదలైనది. అప్పుడు ఎవరి ధాన్యం ఎంత మేలైనదో ముందే నిర్ణయించి రశీదు ఇవ్వవలసిన అవసరం ఏర్పడింది. 1848లో స్థాపించబడిన చికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ అనే వర్తక సంఘం 1856లో గోధుమను మూడు తరగతులుగా విభజించింది. తరువాత ఇతర నగరాల సంఘాలు కూడా సొంత ప్రమాణాలు పెట్టుకున్నాయి. గిడ్డంగి యజమానుల అక్రమాలపై రైతుల ఆందోళన ఫలితంగా 1871లో ఇల్లినాయ్ రాష్ట్రం తనిఖీని ప్రభుత్వ అధీనంలోకి తెచ్చింది. గిడ్డంగులను నియంత్రించే అధికారం రాష్ట్రానికి ఉన్నదని 1877లో మన్ వర్సెస్ ఇల్లినాయ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

1916 చట్టం

ఒక ఊరి 2వ గ్రేడు గోధుమ మరొక ఊరిలో 3వ గ్రేడు కావడం వ్యాపారానికి ఇబ్బందిగా మారినది. 1916 ఆగస్టులో ఆమోదించబడిన అమెరికా ధాన్య ప్రమాణాల చట్టం దేశమంతటికీ ఒకే ప్రమాణాలను ఏర్పరచింది. అయితే ఇందులో ఒక లోపం మిగిలిపోయింది. తనిఖీదారుకు లైసెన్సు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం. జీతం ఇచ్చేది మాత్రం అనేక చోట్ల స్థానిక వర్తక సంఘాలు లేదా ప్రైవేటు తనిఖీ సంస్థలు. ఆ సంఘాలలో సభ్యులు ధాన్యం ఎగుమతి చేసే వ్యాపారులే. అనగా ఎవరి సరుకును పరీక్షించవలెనో వారి ఆదరణ మీదనే తనిఖీదారు ఆధారపడి ఉండేవాడు. సుమారు 60 సంవత్సరాలు ఈ ఏర్పాటే కొనసాగింది.

1975 కుంభకోణం

1972లో సోవియట్ యూనియన్ భారీగా ధాన్యం కొనుగోలు చేసిన తరువాత అమెరికా ఎగుమతులు ఒక్కసారిగా పెరిగాయి. రేవులలో ఓడలు బారులు తీరాయి. ఓడ ఒక రోజు ఆలస్యమైతే అద్దె రూపంలో పెద్ద నష్టం వస్తుంది కనుక తనిఖీ త్వరగా ముగించవలెనన్న ఒత్తిడి పెరిగింది.

1975లో న్యూ ఆర్లియన్స్, హ్యూస్టన్ తదితర రేవులలో కేంద్ర దర్యాప్తు జరిగినప్పుడు మూడు రకాల అక్రమాలు వెలుగులోకి వచ్చాయి.

మొదటిది: ఓడలో ధాన్యం పోసే అరలు మురికిగా, తుప్పుపట్టి ఉన్నప్పటికీ లంచం తీసుకుని శుభ్రంగా ఉన్నాయని ధ్రువీకరించడం.
రెండవది: నాసిరకం ధాన్యానికి మంచి గ్రేడు ఇవ్వడం.
మూడవది: తూకంలో మోసం చేసి, ఓడకు ఎక్కిన దానికంటే ఎక్కువ బరువును పత్రంలో చూపడం.

పలువురు తనిఖీదారులపై, ఉద్యోగులపై, కొన్ని కంపెనీలపై నేరారోపణలు, శిక్షలు జరిగాయి. ఈ వ్యవహారాన్ని వెలికితీసిన డి మోయిన్ రిజిస్టర్ పత్రిక విలేఖరి జేమ్స్ రిస్సర్‌కు 1976లో పులిట్జర్ బహుమతి లభించినది. అమెరికా కాంగ్రెసుకు లెక్కల తనిఖీ చేసే జి.ఏ.ఓ. కార్యాలయం 1976 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదికలో ఈ వ్యవస్థలోని లోపాలను ఎత్తిచూపి, తనిఖీని దాదాపు పూర్తిగా కేంద్ర ప్రభుత్వమే చేపట్టాలని సూచించింది. నాణ్యత తగ్గిందని, తూకం తక్కువ వచ్చిందని విదేశీ కొనుగోలుదారులు చేసిన ఫిర్యాదులు కూడా ఆ నివేదికలో చోటు చేసుకున్నాయి.

ఎఫ్.జి.ఐ.ఎస్. ఏర్పాటు, తరువాతి మార్పులు

1976 అక్టోబరులో అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సవరణ చట్టంపై సంతకం చేశాడు. దీని ప్రకారం ఎగుమతి రేవులలో తనిఖీ, తూకం రెండూ ఎఫ్.జి.ఐ.ఎస్. ఉద్యోగులు గాని, ఆ సంస్థ అధికారమిచ్చిన రాష్ట్ర ప్రభుత్వాల ఉద్యోగులు గాని చేయవలెను. రేవులలో ప్రైవేటు సంస్థలకు స్థానం లేకుండా పోయింది. దేశం లోపలి ప్రాంతాలలో మాత్రం గుర్తింపు పొందిన ప్రైవేటు, రాష్ట్ర సంస్థలు పనిచేస్తాయి. తనిఖీ ఖర్చును ఎగుమతిదారుల నుండి రుసుముగా వసూలు చేస్తారు. రుసుము కట్టేది వ్యాపారే అయినా, తనిఖీదారును నియమించడం, తొలగించడం అతని చేతిలో ఉండవు. పాత పద్ధతికి, కొత్త పద్ధతికి ఉన్న ముఖ్యమైన భేదం ఇదే.

1986లో వచ్చిన ధాన్య నాణ్యత మెరుగుదల చట్టం మరొక అలవాటును అరికట్టింది. అంతకు ముందు ధాన్యం నుండి వేరుచేసిన ధూళిని, చెత్తను గ్రేడు పరిమితి దాటకుండా లెక్కచూసి తిరిగి అదే ధాన్యంలో కలిపేవారు. చట్టం దీనిని నిషేధించింది. ధాన్యపు ధూళి నాణ్యతనే కాక ప్రాణాలను కూడా తీయగలదు. 1977 డిసెంబరు 22న లూసియానా రాష్ట్రంలోని వెస్ట్‌వెగోలో ఒక ఎగుమతి ఎలివేటరులో ధూళి పేలి 36 మంది మరణించారు. బరువు పెంచడం కోసం ధాన్యానికి నీరు చేర్చడాన్ని కూడా తరువాత నిషేధించారు.

1994లో ఈ సంస్థను మరొక విభాగంతో కలిపి జి.ఐ.పి.ఎస్.ఏ. అనే సంస్థగా మార్చారు. 2017లో దానిని రద్దు చేసి, ఎఫ్.జి.ఐ.ఎస్.ను వ్యవసాయ మార్కెటింగ్ విభాగంలో చేర్చారు.

తనిఖీ విధానం

ఓడ అరల పరీక్ష

ధాన్యం పోయడానికి ముందే ఓడ అరలను పరీక్షిస్తారు. పాత సరుకు అవశేషాలు, పొరలుగా ఊడే తుప్పు, పురుగులు, తడి, దుర్వాసన ఉంటే అరను తిరస్కరిస్తారు. శుభ్రపరచిన తరువాత తిరిగి పరీక్ష జరుగుతుంది.

మచ్చు సేకరణ

అన్నం ఉడికినదో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు, ఎందుకంటే కుండ అంతటా వేడి ఒకటే. ధాన్యపు రాశి అటువంటిది కాదు. గాదెలోకి పోసేటప్పుడు నూక, దుమ్ము మధ్యలో పోగుపడి, పెద్ద గింజలు అంచులకు దొర్లిపోతాయి. కనుక ఒక చోటి నుండి తీసిన గుప్పెడు గింజలు మొత్తం సరుకును సూచించవు.

ఈ కారణంగా ఎగుమతి ఎలివేటర్లలో యాంత్రిక మచ్చు పరికరాన్ని ఉపయోగిస్తారు. ఓడ వైపు ప్రవహించే ధాన్యపు ధారను ఈ పరికరం నిర్ణీత వ్యవధులలో అడ్డంగా కోసి కొంత ధాన్యాన్ని పక్కకు మళ్లిస్తుంది. ఎక్కుమతి మొదటి నుండి చివరి వరకు ఇది ఆగకుండా జరుగుతుంది. ఇలా సేకరించిన ధాన్యాన్ని విభజన యంత్రంలో పోసి సమభాగాలుగా తగ్గిస్తూ సుమారు ఒక కిలో మచ్చును సిద్ధం చేస్తారు. చేతితో ఏరుకునే అవకాశం ఎక్కడా లేకుండా చూడడమే ఇందులోని ఉద్దేశం. రైలు పెట్టెలు, బార్జీల వంటి వాటి నుండి ధాన్యంలోకి గుచ్చే పొడవాటి బోలు గొట్టంతో పలుచోట్ల మచ్చు తీస్తారు.

ఓడకు ఎక్కే సరుకును అనేక ఉపభాగాలుగా విభజించి, ప్రతి ఉపభాగాన్నీ విడిగా పరీక్షిస్తారు. లేనిపక్షంలో ఒక అరలో మేలు ధాన్యం, మరొక అరలో నాసి ధాన్యం నింపి సగటు మాత్రం సరిపోయిందని చూపవచ్చు. ఉపభాగాల ఫలితాలలోని హెచ్చుతగ్గులను ఒక గణాంక పద్ధతి ప్రకారం కూడుతూ పోతారు. అనుమతించిన హద్దు దాటిన భాగాన్ని వెనక్కి తీసుకోవాలి, లేదా దానికి వేరుగా ధ్రువపత్రం పొందాలి.

పరీక్షలు

మచ్చును పరీక్షించేటప్పుడు ఈ క్రింది అంశాలను చూస్తారు.

వాసన: ముక్కిపోయిన వాసన, పులిసిన వాసన, రసాయనాల వాసన ఉన్నాయేమో తనిఖీదారు స్వయంగా చూస్తాడు.
ఘనపరిమాణ తూకం: ఒక బుషెల్ (సుమారు 35.2 లీటర్లు) కొలతకు ఎన్ని పౌన్ల బరువు తూగుతుందో చూస్తారు. గింజ నిండుగా ఉంటే బరువు ఎక్కువ. తాలు, ముడుతలు పడిన గింజలు ఉంటే తక్కువ.
తేమ: యంత్రంతో కొలుస్తారు. మొక్కజొన్నలో ఇది గ్రేడును నిర్ణయించదు గాని ధ్రువపత్రంలో చూపుతారు.
దెబ్బతిన్న గింజలు: బూజు పట్టినవి, మొలకెత్తినవి, పురుగు తిన్నవి, వేడికి రంగు మారినవి.
నూక, పరాయి పదార్థం: మొక్కజొన్నలో 12/64 అంగుళం గుండ్రని రంధ్రాల జల్లెడ గుండా దిగిపోయేది, జల్లెడ పైన మిగిలిన ఇతర పదార్థం.
ప్రాణమున్న పురుగులు: పరిమితికి మించి ఉంటే ఆ విషయాన్ని ధ్రువపత్రంలో గ్రేడుతో పాటు చేర్చుతారు.

గోధుమకు మాంసకృత్తుల శాతం కూడా కొలిచే ఏర్పాటు ఉన్నది. ఎగుమతి మొక్కజొన్నను బూజు వలన పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కోసం పరీక్షించడం తప్పనిసరి.

గ్రేడులు

మొక్కజొన్నకు 5 సంఖ్యా గ్రేడులు ఉన్నాయి. వాటి ముఖ్య పరిమితులు ఇవి.

1వ గ్రేడు: బుషెల్ తూకం కనీసం 56 పౌన్లు, దెబ్బతిన్నవి గరిష్ఠం 3 శాతం, నూక, పరాయి పదార్థం గరిష్ఠం 2 శాతం.
2వ గ్రేడు: 54 పౌన్లు, 5 శాతం, 3 శాతం.
3వ గ్రేడు: 52 పౌన్లు, 7 శాతం, 4 శాతం.
4వ గ్రేడు: 49 పౌన్లు, 10 శాతం, 5 శాతం.
5వ గ్రేడు: 46 పౌన్లు, 15 శాతం, 7 శాతం.

ఇందులో ఏ ఒక్క అంశంలో తక్కువ వచ్చినా మొత్తం గ్రేడు ఆ మేరకు దిగిపోతుంది. 5వ గ్రేడుకు కూడా తగనిది, ముక్క వాసన గలది, పరిమితికి మించి రాళ్లు, గాజు ముక్కలు ఉన్నది చివరిదైన 'శాంపిల్ గ్రేడు'లోకి పోతుంది.

వ్యాపారులు వివిధ గ్రేడుల ధాన్యాన్ని కలిపి కావలసిన గ్రేడును తయారుచేస్తారు. ఉదాహరణకు 2 శాతం నూక ఉన్న సరుకును, 4 శాతం ఉన్న సరుకును సమానంగా కలిపితే 3 శాతం వస్తుంది. అది సరిగ్గా 2వ గ్రేడు పరిమితి. ఇది చట్టబద్ధమే. అయితే దీని వలన 2వ గ్రేడు కొన్నవారికి సాధారణంగా ఆ గ్రేడు అంచున ఉన్న సరుకే అందుతుంది. ఇందుకు విరుగుడుగా కొందరు కొనుగోలుదారులు గ్రేడుతో తృప్తిపడక, నూక ఇంత శాతం మించరాదని ఒప్పందంలో విడిగా రాయించుకుంటారు.

ఫలితంతో ఏకీభవించనివారు పునఃపరీక్షను, ఆపై అప్పీలు పరీక్షను కోరవచ్చు. చివరి అప్పీలును కాన్సాస్ సిటీలోని బోర్డు విచారిస్తుంది. ఇందుకోసం మచ్చులో కొంత భాగాన్ని నిర్ణీత కాలం వరకు భద్రపరుస్తారు.

ధ్రువపత్రాలు

ఒక ధాన్యపు ఓడతో పాటు సాధారణంగా పలు పత్రాలు ప్రయాణిస్తాయి. ఎఫ్.జి.ఐ.ఎస్. ఇచ్చేవి గ్రేడు, తూకపు ధ్రువపత్రాలు. సరుకులో దిగుమతి దేశం నిషేధించిన తెగుళ్లు, కలుపు విత్తనాలు లేవని తెలిపే సస్యారోగ్య ధ్రువపత్రాన్ని వ్యవసాయ శాఖలోని మరొక విభాగం జారీ చేస్తుంది. పురుగుల నివారణకు విషవాయువు పట్టించినప్పుడు ఆ పత్రం కూడా జతపరుస్తారు. ఈ పనిని చాలాసార్లు ఓడ ప్రయాణంలో ఉండగానే ఫాస్ఫీన్ వాయువుతో చేస్తారు. ఎఫ్.జి.ఐ.ఎస్. పత్రాలను దిద్దడం, తప్పుడు పత్రం సృష్టించడం, తనిఖీదారుకు లంచం ఇవ్వజూపడం నేరాలు. ఏడాదికి 15,000 టన్నులకు మించకుండా ఎగుమతి చేసేవారికి తప్పనిసరి తనిఖీ నుండి మినహాయింపు ఉన్నది.

పరిమితులు, వివాదాలు

ధ్రువపత్రం సరుకు ఎక్కిన వేళ నాటి స్థితిని మాత్రమే చెబుతుంది. వేడిగాలితో త్వరగా ఆరబెట్టిన మొక్కజొన్న పెళుసుబారి, ఎత్తి దించిన ప్రతిసారీ కొంత విరుగుతుంది. అందువలన రేవులో 3 శాతం ఉన్న నూక గమ్యం చేరేసరికి పెరగడం సహజం. ఇందులో మోసం లేకపోయినా కొనుగోలుదారుకు మోసపోయిన భావన కలుగుతుంది.

గ్రేడు పరీక్ష కంటికి కనిపించని వాటిని పట్టుకోదు. మానవ ఆహారంగా అనుమతి లేని స్టార్‌లింక్ అనే జన్యుమార్పిడి మొక్కజొన్న 2000లో ఆహార పదార్థాలలో బయటపడినప్పుడు, జపాన్ వంటి దేశాల కోసం ప్రత్యేక పరీక్షలు ప్రవేశపెట్టవలసి వచ్చింది. 2013లో ఆరెగాన్ రాష్ట్రంలోని ఒక పొలంలో అనుమతి లేని జన్యుమార్పిడి గోధుమ కనిపించగానే జపాన్, దక్షిణ కొరియా కొంతకాలం కొనుగోళ్లు నిలిపివేశాయి.

తనిఖీ తప్పనిసరి కావడం వలన, తనిఖీదారు లేకపోతే ఎగుమతే ఆగిపోతుంది. 2014లో వాషింగ్టన్ రాష్ట్రంలోని వాంకూవర్ రేవులో కార్మిక వివాదం సాగుతుండగా, భద్రత లేదన్న కారణంతో రాష్ట్ర ప్రభుత్వం తన తనిఖీదారులను ఉపసంహరించింది. ఎఫ్.జి.ఐ.ఎస్. కూడా తన ఉద్యోగులను పంపలేదు. ఆ ఎలివేటరు నుండి ఎగుమతులు కొన్ని వారాల పాటు నిలిచిపోయాయి. దీని పర్యవసానంగా 2015లో చట్టాన్ని పొడిగించినప్పుడు, తనిఖీకి అంతరాయం కలిగితే ముందుగా తెలియజేయాలన్న నిబంధనలు చేర్చారు.

భారతదేశంతో సంబంధం

1954లో అమెరికా చేసిన పి.ఎల్. 480 చట్టం కింద 1956 నుండి భారతదేశానికి పెద్ద ఎత్తున గోధుమలు వచ్చాయి. 1965-66 కరువు సంవత్సరాలలో చౌక ధరల దుకాణాలకు చేరిన విదేశీ గోధుమలలో అధికభాగం అమెరికావే. ఇవన్నీ 1976 సంస్కరణకు ముందు నాటి తనిఖీ వ్యవస్థ గుండా వచ్చిన సరుకులే.

తెలుగునాట వయ్యారిభామ అని, కాంగ్రెసు గడ్డి అని పిలిచే కలుపు మొక్క ఈ గోధుమలతోనే వచ్చిందని విస్తృతంగా భావిస్తారు. 1950ల మధ్యలో పుణె వద్ద దీనిని గుర్తించారు. అంతకు ముందే ఈ మొక్క దేశంలో ఉన్నదని చెప్పే వృక్షశాస్త్రజ్ఞులు కూడా ఉన్నారు. ఏది ఏమైనా, గ్రేడు ధ్రువపత్రానికి, సస్యారోగ్య ధ్రువపత్రానికి గల భేదాన్ని ఇది చక్కగా తెలుపుతుంది. గ్రేడు పరీక్ష పరాయి పదార్థం ఎంత శాతమో చూస్తుంది. ఆ కొద్ది శాతంలో ఉన్నది మట్టిబెడ్డా లేక మొలకెత్తగల కలుపు విత్తనమా అన్నది సస్యారోగ్య పరీక్షకు సంబంధించిన విషయం.

భారతదేశంలో వ్యవసాయోత్పత్తుల గ్రేడింగు 1937 నాటి అగ్‌మార్క్ చట్టంతోను, ఎగుమతుల తనిఖీ 1963 నాటి ఎగుమతి నాణ్యతా నియంత్రణ, తనిఖీ చట్టంతోను ఏర్పడ్డాయి. అయితే అమెరికాలో వలె ప్రతి ధాన్యపు ఓడకూ ప్రభుత్వ గ్రేడింగు తప్పనిసరి కాదు. కాకినాడ రేవు నుండి ఆఫ్రికా దేశాలకు పోయే బాస్మతియేతర బియ్యానికి నూక శాతం, తేమ, రంగు మారిన గింజలు వంటి వాటిని ఒప్పందం ప్రకారం సాధారణంగా ప్రైవేటు సర్వే సంస్థలు పరీక్షిస్తాయి. సస్యారోగ్య ధ్రువపత్రాన్ని మాత్రం ప్రభుత్వ అధికారులు ఇస్తారు. ఐరోపా సమాఖ్య దేశాలకు పంపే బియ్యానికి ఎగుమతి తనిఖీ మండలి ధ్రువపత్రాన్ని తప్పనిసరి చేశారు. అగ్గి తెగులుకు చల్లే ట్రైసైక్లాజోల్ మందు అవశేషాల పరిమితిని ఐరోపా సమాఖ్య 2017లో కిలోకు 1 మిల్లీగ్రాము నుండి 0.01 మిల్లీగ్రాముకు తగ్గించినప్పుడు, ఈ పరీక్షల ప్రభావం నేరుగా వరి రైతు పొలం వరకు చేరింది. రేవులో తిరస్కరించబడిన సరుకు నష్టం చివరకు మరుసటి పంట ధరలో రైతు మీదనే పడుతుంది.

ఇవి కూడా చూడండి

గోధుమ
మొక్కజొన్న
అగ్‌మార్క్
వయ్యారిభామ
కాకినాడ రేవు